సూది పని అయిపోయాక...

వాడిన సూది చాలాసార్లు రోగికి గుచ్చుకోదు. దాని వెనకాల వచ్చే చేతికి గుచ్చుకుంటుంది. సిస్టర్‌కో, వార్డు ఊడ్చే ఆయమ్మకో, చెత్త బండి మీది కుర్రాడికో, ప్లాస్టిక్ ఏరుకునే పిల్లాడికో! దవాఖానాలు కిక్కిరిసిన చాదర్‌ఘాట్, కోఠి, నాంపల్లి ప్రాంతంలో ఓ సూది వెనకాలే నడిచి వెళ్తే... ఆ దారి చివరికి మన ఇంటి చెత్తడబ్బా దాకా వస్తుంది.

చాదర్‌ఘాట్ చౌరస్తాలో ఓ పది నిమిషాలు నిలబడితే చాలు. చేతిలో ఎక్స్‌రే కవరు, భుజానికి ఫ్లాస్కు, చంకలో పసిపిల్ల... దవాఖానాకు వెళ్లేవాళ్లూ, అక్కణ్నుంచి వచ్చేవాళ్లూ కనిపిస్తూనే ఉంటారు. ఎందుకు కనిపించరు? ఇటు కోఠి వైపు నడిస్తే సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రి, ఈఎన్‌టీ ఆసుపత్రి. మూసీ ఒడ్డునే కాస్త ఎగువకు వెళ్తే ఉస్మానియా. వంతెన దాటితే మలక్‌పేట ప్రైవేటు ఆసుపత్రులు. నాంపల్లి దాటి రెడ్‌హిల్స్ చేరితే పిల్లల కోసం నిలోఫర్, క్యాన్సర్ రోగుల కోసం ఎంఎన్‌జే. మధ్యలో సందుకో నర్సింగ్‌హోం, మలుపుకో డయాగ్నస్టిక్ సెంటర్.

వీటన్నింట్లో కలిపి ఒక్క ఉదయం పూట ఎన్ని సూదులు వాడతారో ఊహించండి. రక్తపరీక్షకు ఒకటి, సెలైన్‌కు ఒకటి, యాంటీబయాటిక్‌కు ఒకటి, కుట్లకు ఇంకొకటి. ఒక్కో సూది పనీ క్షణాల్లో అయిపోతుంది. చురుక్కుమంటుంది... దూదితో అదుముతారు... ‘మోచెయ్యి మడవండి’ అంటారు. అంతే, దాని సంగతి మనం మరచిపోతాం.

సూది మాత్రం మాయమైపోదు కదా! అది ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి. ఎవరో ఒకరు దాన్ని మోయాలి. ఆ మోసే చేతులు ఎంత భద్రంగా ఉంటాయన్నది, మొదట దాన్ని వాడిన చెయ్యి ఆ తర్వాతి రెండు మూడు క్షణాల్లో ఏం చేసిందన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆసుపత్రి వ్యర్థాల కథ మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది.

మరిగే నీళ్ల నుంచి చెత్తబుట్టకు

పెద్దవాళ్లను అడిగి చూడండి. వాళ్ల చిన్నప్పుడు డాక్టరుగారి దగ్గర గాజు సిరంజీ ఉండేది. కాంపౌండరు దాన్ని స్టీలు గిన్నెలో పెట్టి, కిరోసిన్ స్టవ్ మీద నీళ్లు మరిగించి, పటకారుతో తీసేవాడు. అదే సిరంజీ, అదే సూది. మొద్దుబారితే సానపట్టి మళ్లీ వాడేవారు. నీళ్లు సరిగా మరక్కపోతే? ఒకరి రక్తంలోని జబ్బు ఇంకొకరికి అంటుకునేది. అంటే ఆ రోజుల్లో ప్రమాదం బల్ల మీద పడుకున్న రోగికే.

మన దేశంలో హెచ్‌ఐవీ తొలి కేసులు 1986లో బయటపడ్డాయి. ఆ భయంతో గాజు సిరంజీ క్రమంగా తెరమరుగైంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజీ వచ్చింది. ‘కొత్త సూది వాడండి డాక్టరుగారూ’ అని అడిగి మరీ వేయించుకోవడం జనానికి అలవాటైంది. చాలా మంచి అలవాటు. కానీ దాంతో ఇంకో లెక్క మొదలైంది. ఒకప్పుడు ఒక్క సూది వందమందికి పనిచేస్తే, ఇప్పుడు వందమందికి వంద సూదులు. రోగికి తప్పిన ప్రమాదం చెత్తబుట్టలోకి చేరింది. అక్కణ్నుంచి ఆ బుట్టను ఎత్తేవాళ్ల వేళ్ల మీదికి వచ్చింది.

పైగా మనకు సూదిమందు మీద నమ్మకం ఎక్కువ. జ్వరమొస్తే ‘ఓ సూదేయండి, గోలీలతో తగ్గదు’ అని మనమే అడుగుతాం. దేశంలో సూదిమందుల వాడకంపై 2002-03లో ఇండియాక్లెన్ అనే వైద్య పరిశోధకుల బృందం పెద్ద అధ్యయనం చేసింది. ఏటా దాదాపు 300 కోట్ల ఇంజెక్షన్లు పడుతున్నాయనీ, వాటిలో సుమారు 63 శాతం సురక్షితం కాని పద్ధతిలోనే ఇస్తున్నారనీ తేల్చింది. పరిస్థితి అప్పటికీ ఇప్పటికీ మెరుగైంది. అయినా అవసరం లేని ప్రతి సూదీ అనవసరంగా తయారుచేసుకున్న మరో ప్రమాదమే.

గుచ్చుకుంటే ఏమవుతుంది?

బట్టలు కుట్టే సూది గుచ్చుకుంటే ఓ రక్తపు చుక్క వస్తుంది. చీరేసుకుంటే పోతుంది. ఇంజెక్షన్ సూది అలాంటిది కాదు. అది సన్నని గొట్టం. దాని బోలులో అంతకుముందు రోగి రక్తం ఇంకా మిగిలే ఉంటుంది. గుచ్చుకున్నప్పుడు ఆ కాస్త రక్తమూ నేరుగా కండలోకి వెళ్తుంది.

వైద్యులు చెప్పే లెక్క ఇదీ. ఆ రోగికి హెపటైటిస్-బి ఉండి, సూది గుచ్చుకున్న మనిషికి టీకా లేకపోతే, అలాంటి ప్రతి వంద మందిలో 6 నుంచి 30 మందికి ఆ వైరస్ సోకే అవకాశం ఉంది. హెపటైటిస్-సి అయితే వందలో దాదాపు ఇద్దరికి. హెచ్‌ఐవీ అయితే వెయ్యిలో ముగ్గురికి. అందరూ భయపడేది హెచ్‌ఐవీకి. నిజానికి ఎక్కువగా పొంచి ఉన్నది కాలేయాన్ని తినేసే హెపటైటిస్-బి. ఎండిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. నిన్న పారేసిన సూదిని ‘పాతదే కదా’ అనుకోవడానికి వీల్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఓ అంచనా ఇచ్చింది. ప్రపంచంలోని మూడున్నర కోట్ల మంది ఆరోగ్య సిబ్బందిలో ఏటా 30 లక్షల మందికి రక్తం అంటిన సూదులో, పదునైన పరికరాలో గుచ్చుకుంటున్నాయని. ఇది ఆసుపత్రి గోడల లోపలి లెక్క. బయట చెత్తకుప్పల దగ్గర గుచ్చుకున్నవాళ్లను లెక్కపెట్టేదెవరు?

ఆ ఒక్క క్షణం

సూది ఎప్పుడు గుచ్చుకుంటుంది? ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడే అనుకుంటాం. చాలావరకు ఆ తర్వాతే.

మొదటిది, మూత పెట్టేటప్పుడు. వాడిన సూదికి మళ్లీ టోపీ తొడగడం నిన్నమొన్నటి దాకా అందరికీ అలవాటు. శుభ్రంగా, జాగ్రత్తగా కనిపిస్తుంది. కానీ ఒక చేత్తో సన్నని టోపీ పట్టుకుని, మరో చేత్తో సూదిని అందులోకి దూర్చాలి. రద్దీ వార్డులో, రాత్రి డ్యూటీ చివరి గంటలో ఆ గురి తప్పడానికి ఎంతసేపు? అందుకే ఇప్పుడు నర్సింగ్ విద్యార్థులకు మొదట నేర్పేది ‘మూత పెట్టకండి’ అనే. తప్పనిసరై పెట్టాల్సివస్తే టోపీని ట్రేలో పడుకోబెట్టి, ఒంటిచేత్తోనే సూదితో దాన్ని ఎత్తాలి.

రెండోది, సూదిని ట్రేలో, మంచం మీద, దుప్పటి మడతల్లో వదిలేసినప్పుడు. అది నేరుగా దుప్పట్లు మార్చే ఆయమ్మ చేతికి తగులుతుంది.

మూడోది, డబ్బా నిండిపోయాక పైనుంచి కుక్కినప్పుడు. సూదుల డబ్బాను ముప్పావు వంతు నిండగానే మూసేయాలన్న నియమం ఇందుకే.

నాలుగోది, సూది మామూలు సంచిలో పడినప్పుడు. అక్కడితో దాని ఆచూకీ పోయింది. సంచి మూతి బిగించేటప్పుడు సఫాయి కార్మికుడికి తగలొచ్చు. భుజాన వేసుకున్నప్పుడు వీపుకు గీసుకోవచ్చు. కుప్ప దగ్గర ప్లాస్టిక్ ఏరుకునే పిల్లాడి అరికాల్లో దిగొచ్చు. చాదర్‌ఘాట్ వంతెన దిగువన మూసీ వెంబడి మూసానగర్, కమలానగర్ లాంటి బస్తీలున్నాయి. అలాంటి బస్తీల్లో చిత్తుకాగితాలూ, సీసాలూ ఏరి అమ్ముకుని బతికే కుటుంబాలుంటాయి. వాళ్ల చేతులకు గ్లౌజులు ఎవరిస్తారు? గుచ్చుకుంటే ఏ రిజిస్టర్లో రాస్తారు?

చూడండి, నాలుగు సందర్భాల్లోనూ దెబ్బ తగిలేది సూది వాడినవారికంటే తర్వాతి మనిషికే ఎక్కువ. ఎంత దూరం వెళ్తే అంత పేద చెయ్యి. అంత తక్కువ రక్షణ.

నాలుగు రంగుల లెక్క

ఆసుపత్రి వార్డులో రంగురంగుల డబ్బాలు చూసే ఉంటారు. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. అలంకారానికి పెట్టినవి కావవి.

పసుపులో: రక్తం అంటిన దూది, కట్లు, ఆపరేషన్లో తీసేసిన శరీర భాగాలు, గడువు తీరిన మందులు. వీటిని బాగా వేడిగా ఉండే కొలిమిలో కాల్చేయాలి.

ఎరుపులో: సెలైన్ గొట్టాలు, మూత్రపు సంచులు, గ్లౌజులు, సూది తీసేసిన సిరంజీలు. అంటే ప్లాస్టిక్, రబ్బరు. వీటిని ఆవిరితో శుద్ధిచేసి, ముక్కలు ముక్కలుగా తరిగేసి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రాలకు పంపాలి.

తెలుపులో: సూదులు, బ్లేడ్లు, కోసే కత్తులు. గుచ్చినా దిగని, కారని, ఒకసారి మూస్తే మళ్లీ తెరవడానికి వీల్లేని డబ్బా ఇది.

నీలంలో: మందు సీసాలు, పగిలిన గాజు, శరీరంలో అమర్చే లోహపు పరికరాలు.

మరి భోజనం పొట్లాలు, అరటి తొక్కలు, మందుల అట్టపెట్టెలు? అవి మామూలు చెత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం ఆసుపత్రి చెత్తలో 85 శాతం దాకా మన ఇంటి చెత్తలాంటిదే. హాని చేసేది మిగతా 15 శాతమే. కానీ కుండెడు పాలకు విషపు చుక్క ఒక్కటి చాలదూ? రక్తపు దూది మామూలు బుట్టలో పడితే ఆ బుట్టంతా ప్రమాదకరమే. పేషెంటు తాలూకు వాళ్లు ఇడ్లీ పొట్లాన్ని పసుపు డబ్బాలో వేస్తే దాన్నీ కొలిమి దాకా మోసుకెళ్లి కాల్చాల్సిందే. ఖర్చూ దండగ, పొగా దండగ. అందుకే వ్యర్థాలను వేరుచేయడం పుట్టినచోటే జరగాలి. రోగి మంచం పక్కనే, ఆ క్షణంలోనే. ఒకసారి కలిసిపోయిన చెత్తను తర్వాత విడదీయాలంటే మళ్లీ ఎవరో ఒకరు అందులో చెయ్యి పెట్టాల్సిందే కదా!

చట్టం ఏమంటోంది?

చాదర్‌ఘాట్‌కు ఒకప్పుడు సొంత మున్సిపాలిటీ ఉండేదని ఇప్పటివాళ్లలో ఎంతమందికి తెలుసు? 1886లో నగరం నుంచి వేరుగా ఏర్పడి, 1933లో హైదరాబాద్‌లో కలిసిపోయింది. ఊరి చెత్త ఎత్తడం మున్సిపాలిటీ పని అన్నది అంత పాత సంగతి. కానీ ఆసుపత్రి చెత్త వేరు, దానికి వేరే దారి ఉండాలి అని దేశం గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

1996లో సుప్రీంకోర్టు ఢిల్లీ చెత్త కేసులో యాభై పడకలు దాటిన ఆసుపత్రులు తమ వ్యర్థాలను కాల్చే ఏర్పాటు చేసుకోవాలని ఆదేశించింది. 1998 జులైలో కేంద్రం జీవవైద్య వ్యర్థాల నిబంధనలు తెచ్చింది. ప్రతి ఆసుపత్రీ పెరట్లో కొలిమి పెట్టుకుంటే చుట్టుపక్కల ఇళ్లకు పొగ, అందులో డయాక్సిన్ల లాంటి విషాలు. దాంతో అన్ని ఆసుపత్రుల వ్యర్థాలనూ ఒక్కచోటికి చేర్చి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రాలు వచ్చాయి. దేశంలో ఈ పద్ధతిని ముందుగా అందుకున్న నగరాల్లో హైదరాబాద్ ఒకటి.

2016 మార్చిలో నిబంధనలు కొత్త రూపు దాల్చాయి. పాత పది రకాల వర్గీకరణ పోయి నాలుగు రంగులు మిగిలాయి. పెద్దాసుపత్రి అనీ చిన్న క్లినిక్ అనీ తేడా లేదు. రక్తదాన శిబిరం, టీకా శిబిరం కూడా ఈ గొడుగు కిందికే వచ్చాయి. సంచులకు బార్‌కోడ్ ఉండాలి. వ్యర్థాలను 48 గంటలు దాటి నిల్వ ఉంచకూడదు. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి కేంద్రం ఉంటే ఆసుపత్రి తానే సొంతంగా కాల్చుకోకూడదు. ఉమ్మడి కేంద్రంలోని కొలిమి మొదటి గదిలో 800 డిగ్రీలు, రెండో గదిలో 1,050 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు యాజమాన్యమే వేయించాలి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో దేశంలో రోజుకు వందల టన్నుల జీవవైద్య వ్యర్థాలు పుడుతున్నాయి. అంత చెత్తను దారిలో పెట్టాలంటే ఇలాంటి కట్టుదిట్టం ఉండాల్సిందే.

అయితే ఇదే నిబంధనల్లో ఒక వాక్యం దగ్గర ఆగాలి. ‘పెద్ద ప్రమాదం’ అంటే ఏమిటో అందులో నిర్వచించారు. వ్యర్థాల లారీ బోల్తా పడితే పెద్ద ప్రమాదం. చెరువులోనో నదిలోనో వ్యర్థాలు కలిస్తే పెద్ద ప్రమాదం. సూది గుచ్చుకుంటే? అది ఆ జాబితాలో లేదు. సూదిపోట్లను అందులోంచి మినహాయిస్తున్నట్టు స్పష్టంగానే రాశారు. పెద్ద ప్రమాదమంటే ఎక్కువమంది జనానికి ముప్పు అన్న లెక్కలో అది సబబే కావచ్చు. కానీ ఆ పోటు పడిన ఆయమ్మకు, ఆమె ఇంట్లోవాళ్లకు అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకేముంటుంది? ఆసుపత్రి దాన్ని ‘చిన్న విషయం’ అనుకుంటే ఆమె చెప్పదు. చెబితే ‘నువ్వెందుకు చూసుకోలేదు’ అంటారేమోనని భయం. ఒప్పంద ఉద్యోగమైతే మరీను. చెప్పకపోతే మందు లేదు. మందు అందాల్సిన గంటలు దాటిపోతాయి.

సూది వెనక్కి తిరిగొస్తే...

వాడిన సూది సరైన దారిలో వెళ్లకపోతే అది మళ్లీ మనిషి దగ్గరికే వస్తుంది. 2009 మొదట్లో గుజరాత్‌లోని సబర్‌కాంఠా జిల్లా మోడాసా ప్రాంతంలో అదే జరిగింది. హెపటైటిస్-బి ఒక్కసారిగా విరుచుకుపడింది. వందలమందికి కామెర్లు. పదుల సంఖ్యలో మరణాలు. ఆరా తీస్తే వాడిన సిరంజీలనే మళ్లీ వాడుతున్న వైద్యుల సంగతి బయటపడింది. అరెస్టులు జరిగాయి. సోదాల్లో వాడేసిన సిరంజీలు గుట్టలుగా పోసిన నిల్వలూ దొరికాయి.

సిరంజీ ప్లాస్టిక్ మంచి రకం. పాత సామాన్ల దుకాణంలో దానికి ధర పలుకుతుంది. కడిగి, కొత్త కవరులో పెట్టి అమ్మేవాళ్లకు అంతకంటే ఎక్కువ లాభం. అందుకే నిబంధనలు ‘పారేయండి’ అని ఊరుకోలేదు. ‘పనికిరాకుండా చేసి పారేయండి’ అంటున్నాయి. సూదిని మొదట్లోనే కట్ చేసే చిన్న యంత్రం, ప్లాస్టిక్‌ను తరిగే యంత్రం అందుకే. టీకాల కార్యక్రమంలో వాడుతున్న సిరంజీలు మరో మెట్టు ముందుకెళ్లాయి. ఒకసారి నొక్కగానే లోపల లాక్ పడిపోతుంది. రెండోసారి మందు ఎక్కించడం కుదరదు. దేశంలో పిల్లల టీకాలకు 2005 నుంచి ఈ తరహా సిరంజీలను ప్రవేశపెట్టారు.

అమెరికా 2000 సంవత్సరంలో ఏకంగా సూదిపోట్ల నివారణకే చట్టం చేసింది. సురక్షితమైన పరికరం మార్కెట్లో దొరుకుతుంటే యాజమాన్యం దాన్ని పరిశీలించి వాడాల్సిందే. ఎంపిక చేసేటప్పుడు వాటిని వాడే సిబ్బంది మాట వినాల్సిందే. గుచ్చుకున్న ప్రతిసారీ చిట్టాలో రాయాల్సిందే. ఐరోపా దేశాలు 2010లో ఇలాంటి ఆదేశాన్నే తెచ్చుకున్నాయి. ‘జాగ్రత్తగా ఉండు’ అని మనిషికి చెప్పి వదిలేయకుండా, సూదినే జాగ్రత్తగా తయారుచేయించడం ఇందులోని కిటుకు.

కవచం మన ఊళ్లోనే పుట్టింది

ఈ కథలో హైదరాబాద్ గర్వపడాల్సిన అధ్యాయం ఒకటుంది. హెపటైటిస్-బి టీకా ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చేది. ఆ ధర సామాన్యుడికి అందేది కాదు. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో ‘శాన్‌వ్యాక్-బి’ని విడుదల చేసింది. జన్యు ఇంజినీరింగ్ పద్ధతిలో దేశంలోనే తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అదే. ధర దిగివచ్చింది. అప్పటిదాకా డబ్బున్నవాళ్లకే పరిమితమైన రక్షణ అందరికీ అందుబాటులోకి వచ్చింది.

మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మూడూ పూర్తిచేస్తే ఎక్కువమందికి గట్టి రక్షణ దొరుకుతుంది. సూదిపోటు వల్ల వచ్చే మూడు పెద్ద జబ్బుల్లో ఎక్కువ ముప్పున్న దానికే టీకా ఉండటం మన అదృష్టం. మరి వార్డు ఊడ్చే ఆయమ్మకు ఆ మూడు డోసులూ పడ్డాయా? చెత్త సంచులు మోసే ఒప్పంద కార్మికుడికి? మంచి ఆసుపత్రికి ఇంతకంటే తేలికైన పరీక్ష ఇంకోటి లేదు.

మిగతావీ పెద్ద ఖర్చుతో కూడినవేం కావు. సూదుల డబ్బా నర్సుల గదిలో కాకుండా చెయ్యి చాపితే అందేంత దూరంలో, రోగి మంచం పక్కకు తెచ్చే ట్రాలీ మీదే ఉండాలి. డబ్బా మార్చే బాధ్యత ఎవరిదో పేరు రాసి ఉండాలి. గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద కనిపించాలి. చెప్పినవాళ్లను తిట్టకూడదు. శిక్షణ కొత్తగా చేరినప్పుడే కాదు, ఏటా ఇవ్వాలి. అదీ వాళ్లకు అర్థమయ్యే తెలుగులో, ఉర్దూలో. గోషామహల్‌లో ఉస్మానియా కొత్త భవనాలకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కొత్తగా కట్టే ఏ ఆసుపత్రిలోనైనా వ్యర్థాలు వెళ్లే దారి, రోగులూ పరామర్శకూ వచ్చేవాళ్లూ నడిచే దారి వేరువేరుగా నకశాలోనే గీయించుకోవచ్చు. కట్టాక మార్చడం కష్టం.

మన ఇంట్లోనూ ఓ వార్డు!

ఇదంతా ఆసుపత్రులవాళ్ల గొడవ అనుకుంటున్నారా? ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందేమో చూడండి. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకుంటే ఏడాదికి 730 పోట్లు. వేలిపై గుచ్చి షుగర్ చూసుకునే సన్నని సూదులు అదనం. మంచాన పడ్డ పెద్దలకు ఇంట్లోనే సెలైన్లు పెట్టించడం కూడా మామూలైపోయింది. ఆ సూదులన్నీ ఎక్కడికి వెళ్తున్నాయి? చాలా ఇళ్లలో కూరగాయల తొక్కల మధ్యకే. పొద్దున్నే వచ్చే స్వచ్ఛ ఆటోలో ఆ సంచిని చేతులతో విప్పి తడి పొడి వేరుచేసే మనిషికే.

ఆసుపత్రిలో సిస్టర్‌ది ఎంత బాధ్యతో, ఇంట్లో మనదీ అంతే. ఇలా చేయండి.

• ఫినాయిల్, డిటర్జెంట్ లాంటివి వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసా ఒకటి, మరమూత ఉన్నది, ప్రత్యేకంగా పెట్టుకోండి. పల్చటి నీళ్ల సీసాలు పనికిరావు. సూది దిగిపోతుంది.

• వాడిన వెంటనే సూదిని అందులో వేసేయండి. వంచడం, విరవడం వద్దు. ఇంకొకరు వాడిన సూదికి మూత పెట్టే ప్రయత్నం అసలే వద్దు.

• ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, ‘సూదులున్నాయి, తెరవకండి’ అని పెద్దక్షరాలతో రాయండి.

• మీరు వెళ్లే క్లినిక్, ల్యాబ్ తీసుకుంటాయేమో అడగండి. తీసుకోకపోతే చెత్త ఆటో అబ్బాయికి మామూలు చెత్తతో కలపకుండా, లోపల ఏముందో నోటితో చెప్పి, వేరుగా చేతికివ్వండి. వాడిన సూదులు ఇంటి ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయని 2016 ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి.

• డబ్బాను పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి.

గుచ్చుకుంటే... గంటలు లెక్కపెట్టుకోండి

• కంగారుపడి వేలు పిండకండి. నోట్లో పెట్టుకోకండి. స్పిరిట్, బ్లీచింగ్ లాంటివి పోయకండి. కుళాయి నీళ్ల కింద పెట్టి సబ్బుతో కడగండి.

• ‘ఏం కాదులే’ అనుకోకుండా వెంటనే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టిపరిస్థితుల్లో 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. 28 రోజులు మానకుండా వాడాలి. ఉస్మానియా, గాంధీ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఏఆర్‌టీ కేంద్రాల్లో వీటి గురించి అడగొచ్చు.

• హెపటైటిస్-బి టీకా వేయించుకున్నారో లేదో డాక్టరుకు చెప్పండి. లేకపోతే టీకాతోపాటు తక్షణ రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అవసరం కావచ్చు. ఆలస్యమైతే దాని ఫలితం తగ్గిపోతుంది.

• హెపటైటిస్-సికి టీకా లేదు. అయితే ఇప్పుడు కొన్ని వారాలపాటు మాత్రలు వాడితే దాదాపు అందరికీ నయమవుతోంది. అందుకే డాక్టరు చెప్పిన తేదీల్లో రక్తపరీక్షలు వదలకుండా చేయించుకోవాలి.

ఈసారి దవాఖానాకు వెళ్లినప్పుడు

సూది తీసిన కవరు మీ ఎదుటే విప్పారా అన్నది చూడటం మనకు అలవాటే. దాంతోపాటు ఇంకో రెండు క్షణాలు చూపు తిప్పుకోకుండా ఉండండి. ఆ సూది ఎక్కడికెళ్లింది? టోపీ తొడుక్కుని ట్రేలో పడుకుందా? నేరుగా తెల్లడబ్బాలోకి జారిందా? డబ్బా మూతి దాటి సూదులు బయటికి పొడుచుకొస్తున్నాయా? అలా ఉంటే నెమ్మదిగా అడగండి... ‘సిస్టర్, ఈ డబ్బా నిండినట్టుందమ్మా’ అని. అడిగితే నొచ్చుకుంటారేమో అనుకోనక్కర్లేదు. ఆ డబ్బా వల్ల మొదట దెబ్బ తినేది ఆ సిస్టరూ, ఆయమ్మే.

డాక్టరు మాత్ర చాలు అన్నప్పుడు ‘ఓ సూదేయండి’ అని పట్టుబట్టకండి. మీ చేతిలో ఉన్న అరటిపండు తొక్కను పసుపు డబ్బాలో వేయకండి. ఇంటికొచ్చాక ఆ ఇన్సులిన్ సూది కోసం ఓ సీసా వెతికి, మీద పేరు రాసి పెట్టండి. రేపు పొద్దున చెత్త ఆటో హారన్ కొట్టేసరికి మీ సంచిలో సూది ఉండకూడదు.